స్వగతం వినపడని ఇల్లు

“తవిటయ్యా! ఒరే తవిటయ్యా! తొందరగా రారా, ఇక్కడ రాజుగారు చచ్చిపోయేలా ఉన్నారు.”

అప్పాయమ్మ వీధి అరుగు మీద నుంచి పెట్టిన ఆ కేక పశువుల పాకలో ఉన్న చిన్నకొడుక్కి వినపడింది. అంతే. తవిటయ్య గడ్డిమోపు అక్కడే పడేసి పరుగెత్తుకొచ్చాడు. వస్తూ వస్తూ చెంబుడు మంచినీళ్ళు కూడా తెచ్చాడు. ఎవరికి ఏమైనా ముందు మంచినీళ్ళు పట్టాలని వాడికి తెలుసు. తెలివైనవాడు.

అరుగు మీద అందరూ ఒక పుస్తకం చుట్టూ చేరి ఉన్నారు. పెద్దకొడుకు గంగులు ఆ పుస్తకం పట్టుకుని వణుకుతున్నాడు. వాడి పెళ్ళాం పైడమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. వాళ్ళ పిల్లలిద్దరూ, దాలమ్మా పోలినాయుడూ, రెప్ప వెయ్యకుండా చూస్తున్నారు.

“ఏ రాజుగారే అమ్మా?”

“ఇదిగో, ఈ నాటకంలో కువలయసేన మహారాజు. నిన్నటిదాకా బాగానే ఉన్నాడు. రాణిగారు నదిలో కొట్టుకుపోయిందని ఎవడో వచ్చి చెప్పాడట. అప్పటినుంచీ విషం గిన్నె చేత్తో పట్టుకు కూర్చున్నాడు. మీ అన్నేమో ఇంకా చదువుతానంటాడు.”

“నేనేం చెయ్యనే,” అన్నాడు గంగులు. “కింద లైనులో ‘గిన్నెను పెదవులకు చేర్చును’ అని రాసుంది.”

“నువ్వు చదవబట్టే కదరా ఆయన చేర్చేది. నోరు ముయ్యి.”

తవిటయ్య చటుక్కున పుస్తకం లాక్కుని మూసేశాడు. అందరూ హమ్మయ్య అనుకున్నారు. మంచినీళ్ళు గంగులు తాగాడు.

“మన ఇల్లు కాబట్టి సరిపోయింది,” అంది అప్పాయమ్మ. “ఇంకెవరింట్లో అయినా ఈపాటికి రాజుగారు పోయుండేవారు.”

ఆ మాట నిజమే. వాళ్ళ ఇంటిపేరు సూక్ష్మం. ఆ ఊళ్ళో సూక్ష్మం వారి తెలివి గురించి సూక్ష్మం వారిని ఎవరిని అడిగినా చెబుతారు. వాళ్ళ ముత్తాత ఒకసారి సంతకెళ్ళి కొత్త గొడుగు కొనుక్కుని వస్తుంటే దారిలో వాన పట్టుకుంది. గొడుగు తడిసిపోతుందని ఆయన దాన్ని పంచెలో చుట్టి, చంకలో పెట్టుకుని, నిలువునా తడుస్తూ ఇంటికి తెచ్చాడు. ఆ గొడుగు ఇప్పటికీ కొత్తగానే ఉంది. ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ దాన్ని చూపిస్తారు. విప్పరు, చూపిస్తారు.

ఇంత తెలివైన ఇంట్లోకి పుస్తకాలు ఎలా వచ్చాయో చెప్పాలి. పట్నంలో ఒక గ్రంథాలయం ఉంది. పల్లెటూరి పిల్లలకి పాత నాటకాలు, పద్యాలు రుచి చూపించాలని ఆ గ్రంథాలయం వాళ్ళు ఊరికో సంచి పుస్తకాలు పంపడం మొదలుపెట్టారు. ఈ ఊరికి ఆ సంచి మోసుకొచ్చే అమ్మాయి పేరు సత్యవేణి. ప్రతి శనివారం సైకిలు మీద వస్తుంది. చెరుకుతోటల మధ్య మలుపు తిరిగేటప్పుడు గంట కొడుతుంది. అక్కడ ఆ గంట కొడితే ఇక్కడ తవిటయ్య చేతిలో ఏ వస్తువున్నా కింద పడుతుంది. గాలికి ఆమె జడ ముందుకొచ్చి సంచి మీద పడేది. ఆ సంచిలో ఉన్న రాజులూ రాణులూ అందరూ ఆ జడ వాసనకే అంత అందంగా మాట్లాడుతున్నారని తవిటయ్య నమ్మకం.

ఊళ్ళో తక్కిన ఇళ్ళవాళ్ళు సంచి చూడగానే “మా పిల్లలకి పరీక్షలమ్మా” అని తలుపులేసుకునేవాళ్ళు. సూక్ష్మం వారు మాత్రం రమ్మని పీట వేశారు. సత్యవేణి అరుగు మీద కూర్చుని పిల్లలకి కథలు చెప్పేది, పద్యాలు పాడేది, నాటకం ఎలా చదవాలో నేర్పేది.

“ఇక్కడ ‘స్వగతం’ అనుంది చూశారా? అంటే ఆ మనిషి తన మనసులో అనుకుంటున్నాడన్నమాట. రంగం మీద ఇలా నోటి పక్కన చెయ్యి అడ్డం పెట్టుకుని చెబుతారు. పక్కనున్న వాళ్ళకి అది వినపడదు. ‘ప్రకాశం’ అని ఉంటే పైకి, అందరికీ వినపడేలా చెప్పాలి.”

“అంత పక్కనే నిలబడినా వినపడదా?” అంది పైడమ్మ.

“వినపడదండీ. అది నాటకం పద్ధతి.”

“ఎంత మంచి పద్ధతే తల్లీ,” అంది అప్పాయమ్మ. “మాకెవరూ ఇన్నాళ్ళూ చెప్పలేదు.”

వెళ్ళబోతూ సత్యవేణి ఇంకో మాట కూడా చెప్పింది. ఈ ఊళ్ళో పుస్తకాలు ఎవరూ చదవడం లేదని గ్రంథాలయం అధ్యక్షులు సూరపరాజు గారికి అనుమానం వచ్చిందట. వచ్చే పున్నమికి పట్నంలో పిల్లల సభ. ఈ ఊరి పిల్లలు ఆ సభలో ఒక నాటకం వెయ్యాలి, తీసుకున్న పుస్తకాలు చూపించాలి. లేకపోతే ఈ సంచిని కొండకింద ఊళ్ళకి పంపేస్తారు.

“సంచిని పంపేస్తే మరి మీరో?” అన్నాడు తవిటయ్య.

“సంచితో పాటే నేనూ.”

తవిటయ్య చేతిలో ఏమీ లేదు కాబట్టి ఏదీ కింద పడలేదు. లోపల మాత్రం ఏదో పడింది. ఎలాగైనా పిల్లలకి నాటకం రావాలి, పుస్తకాలు భద్రంగా ఉండాలి, సంచి రావాలి, సత్యవేణి రావాలి. ఆ రోజు నుంచి వాడికి ఇదొక్కటే ధ్యాస. అందుకే రాజుగారు చావబోతున్నారంటే అంత పరుగున వచ్చాడు.

పుస్తకం మూసేశారు సరే, గాలికి తెరుచుకుంటే? మంచానికి నేసే నులకతాడు తెచ్చి అడ్డంగా నిలువుగా కట్టేశారు. కట్టి, అటక మీద పెట్టారు. అందరూ అన్నాలకి కూర్చున్నారు. పైడమ్మకి ముద్ద దిగలేదు.

“ఏమే, తినవే?”

“ఆయన చెయ్యి ఎత్తే ఉంది కదత్తా. గిన్నె పట్టుకుని అలాగే నిలబడి ఉంటాడు. చెయ్యి లాగదూ?”

ఇంకేముంది. ఎవరికీ ముద్ద దిగలేదు. గంగులు ఓ చెంబు పైకెత్తి పట్టుకుని చూశాడు. కాసేపటికి భుజం పీకింది. మహారాజులు అలవాటు లేనివాళ్ళు, వాళ్ళకి ఇంకా పీకుతుంది. తవిటయ్య ఆలోచించి ఉపాయం చెప్పాడు. పుస్తకం విప్పి మళ్ళీ మొదటి పేజీ నుంచి చదివితే రాజుగారు తోటలో రాణిగారితో చెమ్మచెక్కలాడుతూ ఉంటారు. చెయ్యి ఖాళీగా ఉంటుంది. గిన్నె దాకా వచ్చాక ఆపి, మళ్ళీ మొదటికి వెళ్ళాలి.

“మరి ఎన్నాళ్ళు?”

“సభ దాకా. సభ అయ్యాక పుస్తకం వాళ్ళది, రాజు వాళ్ళవాడు.”

అంతే. పొద్దున పాలు పితకగానే ఓసారి, సాయంత్రం దీపాలవేళకి ఓసారి గంగులు పైకి చదివేవాడు. రాజుగారు తోటలో నవ్వేవాడు, వేటకి వెళ్ళేవాడు, కబురు విని కూలబడేవాడు, గిన్నె ఎత్తేవాడు. “ఆపు” అని అందరూ ఒక్కసారి అరిచేవాళ్ళు. గంగులు ఆయన్ని మళ్ళీ తోటలోకి తెచ్చేవాడు. ఆ తర్వాతి పేజీలో ఏముందో ఎవరూ చూడలేదు. చూసే ధైర్యం లేదు. పిల్లలకి మాత్రం గిన్నె దాకా ఒక్క అక్షరం పొల్లుపోకుండా వచ్చేసింది. కుండలీకరణాలతో సహా. “రాజు కన్నీరు తుడుచుకొనును,” అని గట్టిగా చెప్పి పోలినాయుడు కన్నీరు తుడుచుకునేవాడు.

“ఒకవేళ పొరపాటున తాగేస్తే?” అంది దాలమ్మ ఓ రోజు.

“దానికి మందుంది,” అంది అప్పాయమ్మ. “నా చిన్నప్పుడు తీర్థంలో నాటకం చూశాను. ఇలాగే ఒకాయన పద్యం పాడి పడిపోయాడు. జనం అంతా ‘వన్స్ మోర్’ అని కేకలేశారు. ఆయన లేచి, బట్టలు దులుపుకుని, మళ్ళీ అదే పద్యం పాడాడు. అది మంత్రం. కానీ ఒకళ్ళిద్దరు అంటే పనిచెయ్యదు, ఊరంతా అనాలి.”

ఇక స్వగతం సంగతి. అది ఇంట్లో అడుగుపెట్టిన రోజు నుంచి అత్తాకోడళ్ళ మధ్య మాటా మాటా అనుకోవడం పోయింది. అప్పాయమ్మ పులుసు నోట్లో వేసుకుని, నోటి పక్కన చెయ్యి అడ్డం పెట్టుకుని, “స్వగతం. ఈ పిల్లకి ఉప్పు వెయ్యడం ఈ జన్మకి రాదు,” అనేది.

జానెడు దూరంలో కూర్చున్న పైడమ్మ తన చెయ్యి అడ్డం పెట్టుకుని, “స్వగతం. ముసల్దానికి నాలిక చచ్చిపోయి ఎన్నేళ్ళైందో, ఉప్పేం తెలుస్తుంది,” అనేది.

చేతులు దించేవాళ్ళు.

“ఇంకాస్త పులుసు పొయ్యనా అత్తా?”

“పొయ్యి తల్లీ. అమృతంలా ఉంది.”

పద్ధతి ప్రకారం ఎవరికీ ఏమీ వినపడలేదు కాబట్టి ఎవరికీ కోపం రాలేదు. ఇల్లు ఎప్పుడూ అంత ప్రశాంతంగా లేదు.

గంగులికి మాత్రం కలిసి రాలేదు. పక్క ఊరి నుంచి గేదెను బేరం చెయ్యడానికి ఒకాయన వచ్చాడు. గంగులు గేదె వీపు తట్టి, “ప్రకాశం. పూటకి బిందె నింపుతుందండీ,” అన్నాడు. తర్వాత మనసులో ఉన్నది మనసులోనే అనుకుందామని చెయ్యి అడ్డం పెట్టుకుని, “స్వగతం. ఇది పాలిచ్చి ఎన్నాళ్ళైందో నాకే గుర్తులేదు. పైగా తంతుంది,” అన్నాడు. వచ్చినాయన కాసేపు గంగులి ముఖంలోకి చూసి, తలగుడ్డ సర్దుకుని, వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

“ఎందుకు వెళ్ళాడంటావు?” అన్నాడు గంగులు.

“పాపం నాటకాలు తెలియని మనిషి,” అన్నాడు తవిటయ్య. “స్వగతం అంటే వినకూడదని కూడా తెలీదు.”

తవిటయ్యకి స్వగతం దేవుడిచ్చిన వరం. శనివారం సాయంత్రం సత్యవేణి తిరిగి వెళ్ళేటప్పుడు సైకిలు నడిపిస్తూ చెరుకుతోటల మలుపు దాకా సాగనంపేవాడు. అప్పటిదాకా వాడికి మనసులో ఉన్నది చెప్పే దారి లేదు. ఇప్పుడు దొరికింది. ఆమె పక్కనే నడుస్తూ చెయ్యి అడ్డం పెట్టుకునేవాడు.

“స్వగతం. ఈ అమ్మాయి గంట కొడితే నా చేతిలో ఏదీ నిలవడం లేదు. ఇందాక పాలచెంబు జారిపోయింది. శనివారం తర్వాత వెంటనే మళ్ళీ శనివారం పెడితే వీళ్ళ సొమ్మేం పోయింది. ప్రకాశం. టైర్లో గాలి సరిపోయిందాండీ?”

మొదటిసారి విన్నప్పుడు సత్యవేణి సైకిలుతో సహా చెరుకులో పడబోయింది. ముఖం అటు తిప్పుకుని, “సరిపోయిందండీ,” అంది.

ఆమె చెవులు ఎర్రగా అయ్యాయి. ఎండ తగిలిందనుకున్నాడు తవిటయ్య. మరుసటి వారం ఆమెకి తాటాకు గొడుగు తెచ్చి ఇచ్చాడు. ఆ వారం నుంచి ఎందుకో సైకిలు చైను సరిగ్గా ఆ మలుపు దగ్గరే ఊడిపోయేది. తవిటయ్య కింద కూర్చుని చైను ఎక్కిస్తూ స్వగతం చెప్పుకునేవాడు. ఆమె చెరుకు ఆకుల వంక చూస్తూ నిలబడేది. సాయంత్రపు ఎండ ఆకుల మధ్య నుంచి పడి ఆమె చీర మీద చారలు చారలుగా కదిలేది. లోకంలో ఇంత మంచి పద్ధతి కనిపెట్టినవాడు ఎవడో గాని వాడి కడుపు చల్లగా ఉండాలనుకునేవాడు తవిటయ్య.

“తవిటయ్య గారూ,” అంది ఆమె ఓసారి. “నాటకంలో ఎప్పుడూ స్వగతమే ఉంటే కథ నడవదండీ. ప్రకాశం కూడా ఉండాలి.”

“చెప్పానుగా అండీ, టైర్లో గాలి గురించి.”

ఆమె సైకిలు ఎక్కి వెళ్ళిపోయింది. ఆ రోజు గంట కొట్టలేదు.

సభ దగ్గర పడుతుండగా పద్యాల పుస్తకం విప్పారు. దాలమ్మ చదివింది. అందులో ఒక అమ్మాయి గుమ్మంలో నిలబడి అంటోంది, “మెతుకు ముట్టను, కన్ను మూయను, నీవు వచ్చే దారి చూతును.”

పైడమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది. “ఈ పుస్తకం ఎన్నాళ్ళ కిందటిదే దాలీ?”

“చాలా పాతది. మొదటి పేజీ పచ్చబడిపోయింది.”

“అప్పటినుంచీ మెతుకు ముట్టలేదా?”

ఇంకేముంది. గబగబా అన్నం వండారు. గుమ్మడికాయ పులుసు కాచారు. ఆ అమ్మాయి ఉన్న పేజీ తెరిచి, సరిగ్గా ఆమె నిలబడ్డ లైను దగ్గర వేడన్నం పెట్టి, పులుసు పోసి, కాస్త నెయ్యి వేశారు. మనం చూస్తుంటే పరాయింటి ఆడపిల్ల తినదని అందరూ లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నారు. బయట ఏదో నమిలిన చప్పుడు వినిపించింది.

“తింటోంది,” అంది పైడమ్మ కళ్ళు ఒత్తుకుంటూ. “ఎంత ఆకలి మీదుందో, ఎలా నములుతోందో చూడత్తా.”

చప్పుడు ఆగాక తలుపు తీశారు. అన్నం లేదు. పేజీ లేదు. పుస్తకమూ లేదు, ఒక్క దారం ముక్క మిగిలింది. ఆ దారం రెండో కొస తమ మేక నోట్లో ఉంది.

అందరూ మేక వంక చూశారు. మేక అందరి వంకా చూసింది. దారం కూడా మింగింది.

తవిటయ్య అరుగు మీద చతికిలబడ్డాడు. సభలో పుస్తకం చూపించాలి. చూపించకపోతే సంచి పోతుంది. సంచితో పాటు... వాడికి ఆ పైన ఆలోచన సాగలేదు. గంగులు మాత్రం మేక పొట్టకి చెవి ఆనించి విన్నాడు.

“పుస్తకం ఎక్కడికీ పోలేదురా. లోపలే ఉంది. ఎవరో సన్నగా మూలుగుతున్నారు కూడా.”

అంతే, ప్రాణాలు లేచొచ్చాయి. పుస్తకం ఉంది, అట్టే మారింది. గ్రంథాలయం పుస్తకాలని ఎలా చూసుకోవాలో సత్యవేణి మొదటి రోజే చెప్పింది. కాగితం అట్ట వెయ్యాలి. తడి తగలనివ్వకూడదు. మూలలు మడతపడకూడదు. వాళ్ళు మేకకి పాత వార్తాపత్రికలతో శుభ్రంగా అట్ట వేసి, మైదా జిగురుతో అంటించారు. వానకి బయట కట్టలేదు. అప్పాయమ్మ పొద్దున్నే లేచి మేక చెవులు రెండూ మడత లేకుండా సాపు చేసేది.

శనివారం సత్యవేణి వచ్చి అట్ట వేసిన మేకని చూసింది. విషయం విన్నది. నవ్వి నవ్వి అరుగు మీద కూర్చుండిపోయింది. నవ్వు ఆగాక ఆమె ముఖం చిన్నబోయింది.

“సూరపరాజు గారు ఏమంటారో. సరే, సభకి దీన్నే పట్టుకురండి, ఇంకేం చేస్తాం.”

ఆమె ఏదో నిట్టూర్పుగా అన్న మాట అది. సూక్ష్మం వారికి మాటంటే మాటే.

పున్నమి నాడు పొద్దున్నే బండి కట్టుకుని పట్నం వెళ్ళారు. గ్రంథాలయం ముందు షామియానా వేశారు. చుట్టుపక్కల ఊళ్ళ పిల్లలంతా వచ్చారు. ముందు వరుసలో సూరపరాజు గారు కండువా సర్దుకుని కూర్చున్నారు. సూక్ష్మం వారు మేకతో సహా ఆయన పక్కనే కూర్చున్నారు. సత్యవేణి నాటకం పుస్తకం పట్టుకుని తెర పక్కన నిలబడింది.

తెర లేచింది. అట్టకిరీటం పెట్టుకుని పోలినాయుడు రాజు. మిగిలిన వేషాలన్నీ దాలమ్మే. “రాజు తోటలో ప్రవేశించును,” అంటూ ప్రవేశించాడు. “రాజు నవ్వును,” అని నవ్వాడు. ఒక్క మాట తడబడలేదు. సూరపరాజు గారు ముందుకి వంగి చూడసాగారు. రాణి పోయిందన్న కబురు వచ్చినప్పుడు జనంలో ఎవరో ముక్కు చీదారు. పోలినాయుడు పానకం పోసిన గిన్నె ఎత్తాడు. “గిన్నెను పెదవులకు చేర్చును,” అన్నాడు. అని, గిన్నె కింద పెట్టి, “రాజు తోటలో ప్రవేశించును,” అని మళ్ళీ మొదలుపెట్టాడు.

మళ్ళీ తోట. మళ్ళీ కబురు. మళ్ళీ గిన్నె. మళ్ళీ తోట. జనం ముఖాలు ముఖాలు చూసుకున్నారు. వెనక నుంచి ఎవరో, “తాగవయ్యా, మాకు బస్సు టైమైపోతోంది,” అని అరిచారు.

ఆ మాటతో పోలినాయుడు కంగారుపడి గిన్నె నిజంగానే నోటికి ఆనించుకోబోయాడు. ఇంకేముంది. “నా కొడుకు,” అంటూ గంగులు ఒక్క ఉరుకులో రంగం ఎక్కి, గిన్నె లాక్కుని, వాడికి చుక్క మిగలకుండా తనే గటగటా తాగేశాడు. తాగాక గుర్తొచ్చింది, అది విషం అని. పొద్దున ఆ పానకం కలిపింది తనే. అయినా రాజుగారి చేతిలోకి వెళ్ళాక అది పానకం ఎలా అవుతుంది? గంగులు కొడుకు తల మీది కిరీటం తీసి తను పెట్టుకుని, కాళ్ళు చాపుకుని, కళ్ళు మూసుకున్నాడు.

“నా మొగుడు పోయాడు,” అని పైడమ్మ ఎత్తుకుంది.

“ఏడవకే,” అంది అప్పాయమ్మ. లేచి జనం వైపు తిరిగింది. “బాబూ, మీకందరికీ దండం పెడతాను. ఒక్కసారి వన్స్ మోర్ అనండి. ఊరంతా అంటేగాని లేవడు.”

ముందు తవిటయ్య అన్నాడు. పిల్లలు అన్నారు. గంగులు కదల్లేదు, ఒక కన్ను కొంచెం తెరిచి జనాన్ని చూసి మళ్ళీ మూసుకున్నాడు. అప్పుడు షామియానా షామియానా అంతా ఒక్కగొంతుతో, “వన్స్ మోర్” అంది. గంగులు లేచి కూర్చున్నాడు. బట్టలు దులుపుకున్నాడు. పద్ధతి ప్రకారం మళ్ళీ గిన్నె కోసం తడుముకున్నాడు.

“ఆగండి,” అని సత్యవేణి రంగం మీదికి వచ్చింది. “పేజీ తిప్పండి. ఎవరూ తిప్పరేం?” అని తనే తిప్పి చదివింది. “రాణి ప్రవేశించును. రాణి: నాథా, నేను బతికే ఉన్నాను. మంత్రిగారు గిన్నెలో పాలు పోయించారు.”

సూక్ష్మం వారు నోళ్ళు తెరిచారు.

“అంటే ఇన్నాళ్ళూ రాణిగారు ఈ కాగితానికి అవతలే ఉందా?” అంది పైడమ్మ.

“తిప్పితే కనపడేది,” అంది సత్యవేణి. ఆ మాట అంటూ తవిటయ్య వంక చూసింది.

చప్పట్లు మోగాయి. సూరపరాజు గారు కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుని, “మరి పద్యాల పుస్తకం ఏదయ్యా?” అన్నారు.

“ఇదిగోనండి,” అని గంగులు మేకని ముందుకి తోశాడు. “అట్ట కూడా వేశాం. మూలలు మడవలేదు.”

మేక మే అంది.

“ఇది ఏ పద్యం?”

“ఎదురుచూపుల పద్యమండి,” అంది అప్పాయమ్మ. “పులుసన్నం పెట్టాక కాస్త తెరిపిన పడింది.”

సంగతంతా విన్నాక సూరపరాజు గారు కళ్ళజోడు పెట్టుకుని మేక అట్టని ఓసారి తడిమి చూశారు. కోప్పడతారనుకున్నారు. ఆయన లేచి సభకి చెప్పారు. “మేం సంచులు పంపిన ఊళ్ళ నుంచి పుస్తకాలు ఎలా వెళ్ళాయో అలాగే నలగకుండా తిరిగొస్తాయి. పద్యంలో పిల్లకి ఆకలేస్తోందని అన్నం వండినవాళ్ళని నేను ఇప్పుడే చూశాను. ఈ పిల్లలకి నాటకం వచ్చేసింది, పద్యం వచ్చేసింది. కాబట్టి ఈ ఊరికి ఇక సంచి అక్కర్లేదు. వచ్చే శనివారం నుంచి సత్యవేణి కొండకింద ఊళ్ళకి వెళుతుంది.”

చప్పట్లు ఇంకా గట్టిగా మోగాయి. సూక్ష్మం వారు కూడా కొట్టారు, తమని మెచ్చుకున్నారు కదా. తవిటయ్య కూడా రెండు దెబ్బలు కొట్టాడు. తర్వాత వాడి చేతులు అలాగే ఉండిపోయాయి.

జనం పలచబడ్డారు. సత్యవేణి సైకిలు దగ్గర నిలబడి సంచి కట్టుకుంటోంది. కట్టిన ముడే మళ్ళీ విప్పి కడుతోంది. తవిటయ్య వెళ్ళి పక్కన నిలబడ్డాడు. అలవాటుగా చెయ్యి నోటి పక్కన పెట్టుకున్నాడు.

“స్వగతం. ఇక శనివారాలు ఎందుకు వస్తాయో తెలీదు. వచ్చినా...”

“తవిటయ్య గారూ,” అంది ఆమె తల ఎత్తకుండా. “పేజీ తిప్పండి.”

వాడు నోటి పక్కనుంచి చెయ్యి తీశాడు. మెల్లగా కిందికి దించాడు. గిన్నె ఎత్తిన మహారాజుకి కూడా అంత చెయ్యి లాగి ఉండదు.

“ప్రకాశం,” అన్నాడు. టైరు వంక చూశాడు. మళ్ళీ అన్నాడు. “ప్రకాశం. మీరు కొండకిందికి వెళితే నేను కూడా మీ సైకిలు వెనకాల వస్తాను. సంచి నేను మోస్తాను. మీరంటే నాకు ప్రాణం. టైర్లో గాలి గురించి కాదండీ నేను ఇన్నాళ్ళూ అడగాలనుకున్నది.”

సత్యవేణి ముఖం కెంపులా అయింది. ఆమె కళ్ళలో కొంటెతనం మెరిసింది. నోటి పక్కన చెయ్యి అడ్డం పెట్టుకుంది.

“స్వగతం. ఈ మాట కోసం ఎన్ని వారాలు చేత్తో చైను ఊడదీసుకున్నానో.”

తవిటయ్య ముఖం పాలిపోయింది. తిరిగి బండి దగ్గరికి నడిచి వెళ్ళాడు.

“ఏమందిరా?” అంది అప్పాయమ్మ.

“స్వగతంలో అందే. నాకు వినపడలేదు.”

“నాకూ వినపడలేదు,” అన్నాడు గంగులు. “ఇక్కడిదాకా వచ్చేంత గట్టిగానే అంది పాపం, అయినా వినపడలేదు.”

పైడమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. పిల్లలు బండెక్కారు. మేకని ఎక్కించారు. గంగులు ఎడ్లని అదిలించాడు. బండి కదిలింది.

అప్పుడు గంట మోగింది. తవిటయ్య చేతిలో మేక పలుపు జారిపోయింది. సత్యవేణి సైకిలు తొక్కుకుంటూ వచ్చి, బండికి అడ్డంగా పెట్టి, రొప్పుతూ నిలబడింది.

“మీ స్వగతాలన్నీ నాకు వినపడ్డాయి. మొదటి శనివారం నుంచీ, ఒక్కొక్క మాటా,” అంది.

బండిలో అందరూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు.

“స్వగతం వినపడుతోందా,” అంది అప్పాయమ్మ జాలిగా. “పాపం, ఇంత చిన్న వయసులో చెవులకి ఏం జబ్బొచ్చిందో. పరవాలేదమ్మా, మేం ఏ లోటూ రాకుండా చూసుకుంటాం.”

సత్యవేణి నవ్వలేదు. రెండు చేతులూ కిందికి దించి, వీధంతా వినపడేలా చెప్పింది. చెప్పగానే అత్తా కోడలూ కొడుకూ పిల్లలూ అంతా బండి మీదే లేచి నిలబడి, అంత గొప్ప మాట మధ్యలో చచ్చిపోకూడదని, ఒక్క గొంతుతో “వన్స్ మోర్” అన్నారు. అటుగా పోతున్న జనం కూడా ఆగి అన్నారు. మేక మే అంది.

ఇంకేముంది. పద్ధతి పద్ధతే కదా. సత్యవేణి సైకిలు మళ్ళీ వెనక్కి తీసుకెళ్ళి, గంట కొట్టుకుంటూ వచ్చి, బండికి అడ్డంగా ఆపి, చేతులు దించి, మొదటిసారి కంటే గట్టిగా చెప్పింది.

“ప్రకాశం. తవిటయ్య గారూ, మీరంటే నాకు ఇష్టం.”